బంధుత్వం: కూతురు

దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక పాత మూడంతస్తుల బిల్డింగు. కింద మలయాళీల టీ దుకాణం, దాని పక్కన దర్జీ కొట్టు. రెండో అంతస్తులో మెట్లెక్కగానే ఎడమవైపు ఫ్లాటులో కామేశ్వరరావు అద్దెకుంటున్నాడు. ఏడాదిలో పది నెలలు ఆ తలుపు తట్టేవాళ్ళుండరు. జూన్, జులై వచ్చాయంటే మాత్రం, శుక్రవారం జుమ్మా నమాజు అయ్యి వీధిలో షట్టర్లు పైకి లేచే వేళకి, ఆ గుమ్మం ముందు చెప్పులు బారు తీరతాయి. ఊళ్ళో ఇంటద్దె వచ్చేవాళ్ళు, బ్యాంకు డిపాజిట్ల మీద పన్ను కోత పడ్డవాళ్ళు సంచుల నిండా కాగితాలు వేసుకుని వస్తారు. కతర్‌లో జీతం మీద పన్ను లేదు. ఇండియాలో ఉన్న కాస్త ఆస్తికి మాత్రం ఏటా రిటర్ను వెయ్యాలి. దోహాలో తెలుగువాళ్ళకి అది వేసిపెట్టే మనిషి కామేశ్వరరావు.

డబ్బులు పుచ్చుకోడు. ఎవరైనా బంగినపల్లి పళ్ళు తెస్తే కోసి అందరికీ పెడతాడు. ఒక్కటే పట్టుదల: కాగితం చూపించకపోతే అంకె వెయ్యడు. "మా మావయ్యగారికి నోటితో చెప్పానండీ, అద్దె అంతే వస్తుంది" అన్నవాళ్ళని మర్యాదగా వెనక్కి పంపిస్తాడు. ఆఫీసులోనూ అంతే. కాకినాడలో బీకాం చదివి, ఒక రైసుమిల్లులో లెక్కలు రాసి, ఇరవై ఎనిమిదో ఏట దోహా వచ్చి ఒక కాంట్రాక్టు కంపెనీలో బిల్లులు సరిచూసే సీట్లో కూచున్నాడు. పదిహేడేళ్ళు అయింది, సీటు మారలేదు. సైటు ఇంజనీర్లు అతన్ని చూస్తే దారి మార్చుకుంటారు. ఈజిప్టు వాళ్ళు అతనికి 'మిస్టర్ వరకా' అని పేరు పెట్టారు. వరకా అంటే కాగితం. కామేశ్వరరావు దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

భార్య మనోజ్ఞ అలా తీసుకోలేదు. ఆమె ఒక క్లినిక్కులో ఫార్మసిస్టు. పదకొండేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ గొంతులు పెంచి పోట్లాడుకున్నది వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఒకరోజు మనోజ్ఞ నెమ్మదిగా అంది, "మీతో ఏం మాట్లాడాలన్నా బిల్లు పట్టుకుని రావాల్సొస్తోందండీ. నాకు ఓపిక అయిపోయింది." ఆ ఏడు సెలవుల్లో కాకినాడ కోర్టులో ఇద్దరూ ఒప్పుకునే విడిపోయారు. కూతురు ధాత్రికి అప్పుడు తొమ్మిదేళ్ళు. పాప తల్లి దగ్గర ఉండేటట్టు, శుక్రవారం సాయంత్రాలు తండ్రి దగ్గరికి వచ్చేటట్టు, స్కూలు ఫీజు తండ్రి కట్టేటట్టు రాసుకున్నారు. మనోజ్ఞ పాపతో అల్ దోహా అల్ జదీదాలో వేరే ఫ్లాటు తీసుకుంది. నడిచి వెళ్ళేంత దూరమే. కామేశ్వరరావు ఎప్పుడూ నడిచి వెళ్ళలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కామేశ్వరరావు తల్లి పోతూ పోతూ కాకినాడ మెయిన్ రోడ్డులో ఉన్న ఒక షాపు గదిని మనవరాలి పేర రాసిపోయింది. మందుల కొట్టువాళ్ళు అద్దెకున్నారు. అద్దె ధాత్రి పేరున్న బ్యాంకు ఖాతాలో పడుతుంది. మైనారిటీ తీరని పిల్లకి విడిగా రిటర్ను ఉండదు, ఆ ఆదాయాన్ని తల్లో తండ్రో తమ దాంట్లో కలుపుకుని పన్ను కట్టాలి. తల్లిదండ్రులు విడిపోయి ఉంటే, ఆ ఏడాది బిడ్డని పోషించినవాళ్ళు కలుపుకోవాలి. చట్టం చెప్పేది అంతే.

రిటర్నులో దానికోసం ఒక చిన్న పట్టిక ఉంటుంది. పేరు, బంధుత్వం, మొత్తం. మూడే మూడు గడులు. కామేశ్వరరావు ఏటా తన రిటర్నులో ముందు ఆ పట్టికే తెరిచేవాడు. ధాత్రి పేరు కొట్టేవాడు. బంధుత్వం దగ్గర 'కూతురు' అని నింపేవాడు. ఆ తరవాతే తన సొంత వడ్డీల లెక్క. విడాకులైన తరవాత కూడా మానలేదు. ఫీజు కడుతున్నది తనే కదా, పోషిస్తున్నది తనే అనుకున్నాడు. ఆ పన్ను పాప ఖాతాలోంచి తియ్యకుండా తన జేబులోంచే కట్టాడు. మనోజ్ఞ పట్టించుకోలేదు. పన్ను కడతానన్నవాణ్ణి ఎవరు ఆపుతారు?

అలా రెండేళ్ళు గడిచాయి. మొన్న నవంబరులో మనోజ్ఞ పెళ్ళి చేసుకుంది.

పెళ్ళికొడుకు జయంత్. చిత్తూరు జిల్లావాడు, పశువుల డాక్టరు, అల్ షహానియాలో ఒంటెల ఆస్పత్రిలో పని. దోహాలో పాతికమందికి భోజనం పెట్టారట. ఎవరో ఫోనులో ఫోటో పంపించారు. మధ్యలో ధాత్రి ఆకుపచ్చ పట్టు లంగాతో నిలబడి నవ్వుతోంది. కామేశ్వరరావు మనోజ్ఞ వంక చూడనైనా లేదు. పాప భుజం మీద ఆ మనిషి చెయ్యి ఉంది. వేళ్ళతో ఫోటోని పెద్దది చేసి ఆ చేతినే చూశాడు. నాలుగు వేళ్ళు కనిపిస్తున్నాయి, బొటనవేలు వెనక్కి ఉంది. మర్నాడు ఆఫీసులో బిల్లులు చూస్తున్నప్పుడు కూడా ఆ నాలుగు వేళ్ళే కళ్ళముందు ఆడాయి. ఈర్ష్య అనే మాట తనకి వర్తిస్తుందని అతను అనుకోలేదు. అజీర్తి కాబోలని మజ్జిగ తాగి పడుకున్నాడు.

జనవరిలో మనోజ్ఞ మెసేజీ పెట్టింది: "ఈ టర్మ్ నుంచి ధాత్రి ఫీజు మీరు కట్టక్కర్లేదు. జయంత్ వాళ్ళ కంపెనీ ఇస్తోంది."

అతను మర్నాడు పొద్దున్నే సెలవు పెట్టి స్కూలుకి వెళ్ళి ఫీజు కట్టేశాడు. కౌంటరులో ఉన్న కేరళ అమ్మాయి కార్డు గీకి, రసీదు అచ్చు వేసి, తరవాత స్క్రీను చూసి నాలిక కరుచుకుంది. "సార్, ఈ పాపకి నిన్ననే వచ్చేసింది. ఫాదర్ కట్టారు."

"ఫాదర్‌ని నేను."

ఆ అమ్మాయి స్క్రీను వంక చూసింది, అతని వంక చూసింది, మళ్ళీ స్క్రీను వంక చూసింది. "మీది వాపసు ఇచ్చెయ్యమంటారా?"

"ఆయనది ఇచ్చెయ్యండి."

"ముందు వచ్చింది జమ అయిపోయింది సార్. కావాలంటే మీది ఏప్రిల్ టర్మ్‌కి పెట్టుకుంటాం."

"పెట్టుకోండి," అన్నాడు. ఆ అమ్మాయి మార్చి మళ్ళీ అచ్చు వేసి ఇచ్చిన రసీదు మీద జనవరి తేదీ ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఇంటికి వచ్చి ఫైల్లో దాచాడు. జయంత్ కంపెనీ ఏప్రిల్లో కట్టబోయి అప్పటికే జమ పడి ఉండడం చూసి తెల్లబోతుందని ఊహించుకుంటే మూడు రోజులు అన్నం రుచిగా తోచింది.

జులైలో మొదటి శుక్రవారం గంగన్న వచ్చాడు. జగిత్యాల దిక్కువాడు, షహానియాలో ఒక అరబ్బుల ఒంటెల తోటకి నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. ఊళ్ళో డిపాజిట్టు మీద బ్యాంకు కోసుకున్న పన్ను వాపసు రావాలి. కాగితాలు అన్నీ తెచ్చాడు గానీ ఫోనుకి రావాల్సిన ఓటీపీ నంబరు రావడంలేదు. సిమ్ము ఇండియాలో భార్య దగ్గర ఉండిపోయింది.

"మల్లొస్త తీ సార్, ఆమెకు ఫోన్ జేసి పెట్టుకుంట," అని లేవబోతూ గంగన్న అన్నాడు, "అన్నట్టు సార్, మీ బిడ్డ వచ్చింది మా కాడికి. ఆ ఒంటెల డాక్టర్ సార్ తోని."

గదిలో ఇంకా ముగ్గురున్నారు. కామేశ్వరరావు కీబోర్డు మీంచి చేతులు తియ్యలేదు. "ఎప్పుడు?"

"పోయిన శనివారం, తెల్లారంగ. తల్లి సచ్చిపోయిన ఒంటె పిల్ల ఒకటుంది. గా పిల్లకు సీసతోని పాలు తాపిచ్చిండు పాపతోని. మస్తు హుషారుంది సార్ మీ బిడ్డ. గడ్డిల కూసుంటది, ఒంటె మూతి పట్టుకుంటది, జర్రంత భయం లేదు!"

ధాత్రికి కుక్కపిల్లలంటేనే భయం. తనతో వచ్చినప్పుడు మెట్లమీద ఎవరిదో పిల్లిని చూసి వెనక దాక్కుంది. అడగకూడదని అనుకుంటూనే కామేశ్వరరావు అడిగాడు, "ఆయన్ని ఏమని పిలుస్తోంది?"

"నేన్ గూడ గదే జూసిన సార్," అని గంగన్న నవ్వాడు. "పేరువెట్టి పిలుస్తాంది! జయంత్, గిటు రా, జయంత్, గది జూడు అని. గాయిన గూడ ఏమనడు, నవ్వుతడు."

నాన్న అనడంలేదు. ఆ మాట విని కామేశ్వరరావుకి గుండెల్లోంచి పెద్ద బరువు దిగింది. దిగి, రెండు నిమిషాల్లోనే వేరేగా ఎక్కింది. పేరు పెట్టి పిలిచేది స్నేహితుల్ని. తనకి ధాత్రి "నాన్నా, బావున్నావా, ఆఫీసు ఎలా ఉంది" అంటుంది, సెలవుల్లో పెద్దవాళ్ళని పలకరించినట్టు. ముందున్న మనిషి వడ్డీ కాగితంలో అంకెని అతను రెండుసార్లు తప్పు కొట్టాడు. అలా ఎప్పుడూ జరగలేదు.

మంగళవారం ఆఫీసులో ఉండగా మనోజ్ఞ ఫోను చేసింది.

"కామేశ్వరరావుగారూ, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?"

పదకొండేళ్ళు 'ఏమండీ' అన్న మనిషి. విడిపోయాక పేరు, పేరు చివర గారూ వచ్చాయి. అది వినపడ్డప్పుడల్లా అతనికి బ్యాంకు మేనేజరు పిలిచినట్టు ఉంటుంది.

"చెప్పు."

"హైదరాబాద్‌లో మా ఆడిటరు అడుగుతున్నారు. ధాత్రి షాపు అద్దె నా రిటర్నులో చూపించాలిట. పాప నా దగ్గర ఉంటోంది కాబట్టి. నిరుటి అద్దె వివరాలు పంపిస్తారా?"

"అది నా దాంట్లో ఉంది. ఒకసారి ఒకళ్ళ దాంట్లో చూపించాక రెండోవాళ్ళకి మార్చడం కుదరదు. ఆఫీసరు మనిద్దర్నీ విని ఒప్పుకోవాలి."

"అడిగాను. ఇద్దరూ సరే అనుకుంటే ఎవరూ ఏమీ అడగరుట. మీరు కాదంటేనే గొడవ."

"నేను కాదంటున్నాను."

ఆమె వెనక మందులసీసాలు సర్దుతున్న చప్పుడు. "లోకంలో ఎవరైనా పన్ను నాకొద్దంటే నాకొద్దని కొట్టుకుంటారు. నాకే కావాలని కొట్టుకునేవాళ్ళని మిమ్మల్నే చూశాను. మీకేంటి లాభం?"

"లాభం కాదు. ఫీజు నేను కట్టాను. మూడు టర్ములకీ రసీదులున్నాయి."

"మూడో టర్ము జయంత్ కట్టారు కదండీ."

అండీ. నోరు జారింది. కామేశ్వరరావు ఆ 'అండీ'ని పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. ఆమె దిద్దుకుంది. "సరే, మీరే ఆలోచించండి. ఆడిటర్లకి మీరు నేర్పుతారు. అంత తెలిసినవాళ్ళు, ఎవరు పోషిస్తున్నారో మీరే చెప్పండి." ఫోను పెట్టేసింది.

రెండో శుక్రవారం జనం ఎక్కువ. అందులో సుర్రయ్యా అనే నర్సు వచ్చింది. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, దోహాలో పదేళ్ళుగా ఉంటోంది. కొడుకు ఆమె దగ్గరే. భర్త ఆమెకి విడాకులిచ్చి సల్వా రోడ్డు వైపు ఎక్కడో ఉంటున్నాడు. కొడుకు పేర నానమ్మ వేసిన డిపాజిట్టు ఉంది. దాని వడ్డీ ఎక్కడ రాయాలో ఆమెకి తెలియదు.

"ఆయన దాంట్ల రాసెయ్యండి సార్," అంది సుర్రయ్యా. "ఫీజు ఆయన కడ్తడు. ట్యాక్స్ కూడ ఆయనే కట్టుకోనీ. నాకు అదొక్క ఫాయిదా అన్న దొరుకుతది!"

గదిలో వాళ్ళు నవ్వారు. కామేశ్వరరావు అలవాటు ప్రకారం పెన్ను తీశాడు. "బాబు ఎవరి ఇంట్లో పడుకుంటాడు?"

"నా దగ్గర."

"జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు?"

"నేనే. ఇంకెవరు?"

"స్కూలువాళ్ళు ఏదైనా అయితే ఎవరికి ఫోను చేస్తారు?"

"నాకే సార్. ఆయన ఫోన్ ఎత్తడు. అయ్యో, ఆయనకు పిలగాని చెప్పుల సైజు కూడ తెల్వదు."

"అయితే మీదే. మీ దాంట్లోనే కలపాలి," అని కామేశ్వరరావు గడులు నింపేశాడు. పట్టుమని రెండు నిమిషాలు పట్టలేదు. సుర్రయ్యా మూతి ముడుచుకుని, "ఫీజు లెక్క రాదా మరి?" అంది. "వస్తుంది, కానీ సరిపోదు," అన్నాడు. ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాక అతను కుర్చీలో కాస్త కదిలాడు. ఎవరూ గమనించలేదు.

ఆ సాయంత్రం జనం వెళ్ళిపోయాక ఒక తెల్లకాగితం తీసి తొమ్మిది ప్రశ్నలు రాసుకున్నాడు. తనకి కాగితాలు చాలు గాని, మనోజ్ఞ ఆఫీసరు దాకా వెళ్తే జవాబుండాలి. ధాత్రిని అడిగి రాసుకుంటే అయిపోతుంది. ఏదో ఒక మూల తన పేరు రాకపోతుందా అనుకున్నాడు.

ఆరింటికి కింద కారు హారను మోగింది. ఎప్పుడూ మనోజ్ఞ తెచ్చి దింపేది. ఇవాళ జయంత్ తెచ్చాడు. పైగా పాపని దింపి పోకుండా మెట్లెక్కి వచ్చాడు. పొడుగ్గా, నల్లగా, చెంపల మీద రెండు రోజుల గడ్డంతో గుమ్మంలో నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"బాగుండారా అన్నా?"

నా పెళ్ళాన్ని చేసుకుని నన్నే అన్నా అంటున్నాడే అని కామేశ్వరరావుకి ఒళ్ళు మండింది. "ఆఁ" అన్నాడు.

"మనోజ్ఞకి డ్యూటీ మారిందన్నా, అందుకే నేనొచ్చినా. ఎనిమిదిన్నరకి వస్తా. పాప మధ్యాహ్నం సరిగ్గా తినలేదు, ఏమన్నా పెట్టండన్నా." చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి రాకుండా నిలబడ్డాడు. మర్యాద తెలిసినవాడే. అది ఇంకా కష్టంగా ఉంది. ఆ మనిషి ముతకగా, మొరటుగా ఉంటే ఎంత సుఖంగా ఉండేది!

"బై జయంత్," అంది ధాత్రి. జయంత్ ఆ పిల్ల జడ చివర పట్టి మెల్లిగా లాగి వెళ్ళిపోయాడు. ధాత్రి విసుక్కోలేదు. కిందటి నెల తను జడ సరిచెయ్యబోతే తల పక్కకి తిప్పుకుంది.

పెసరట్లు పోశాడు. పాప రెండు తిని మూడోది కావాలంది. ఎదురుగా కూచుని కాగితం తీశాడు. పాపకి కళ్ళజోడు వచ్చిందని అప్పుడు చూశాడు.

"ఇదెప్పుడు?"

"మేలో. ఇన్నాళ్ళూ సంచీలోనే ఉంచేదాన్ని. అమ్మ చెప్పలేదా?"

మే అంటే మార్చి తరవాత, ఈ రిటర్ను లెక్కలోకి రాదు, అని అతని బుర్ర ముందు అనుకుంది. ఆ తరవాత, కూతురికి కళ్ళజోడు వచ్చిందనుకుంది.

"కిందటి ఏడు ఏప్రిల్ నుంచి మొన్న మార్చి దాకా," అని మొదలుపెట్టాడు, "నీకు ఒంట్లో బాగోలేనప్పుడు డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్ళారమ్మా?"

"అమ్మ. ఫిబ్రవరిలో మాత్రం జయంత్. అమ్మకి డ్యూటీ ఉంది. ఎందుకు?"

"ఊరికే. స్కూలు బూట్లు?"

"అమ్మ."

"ఈతక్లాసుకి?"

"దింపడం జయంత్, తీసుకురావడం అమ్మ."

"పేరెంట్స్ మీటింగుకి?"

"అమ్మ. ఒకసారి నువ్వు వస్తానన్నావు, ఆడిట్ అని రాలేదు."

అది నిజమే. రాసుకున్నాడు. సైన్సు ప్రాజెక్టు, చెవులు కుట్టించడం, పుట్టినరోజు కేకు. కాగితం మీద ఒక పక్క 'అ' అనే అక్షరాలు, అక్కడక్కడా 'జ'. తన అక్షరం సైకిలు దగ్గర ఒక్కచోట ఉంది. సైకిలు తనే కొన్నాడు. రసీదు కూడా ఉంది.

ధాత్రి పెసరట్టు ముక్క ప్లేటులో వదిలేసి ఆ కాగితాన్ని తలకిందులుగా చదివింది. పన్నెండేళ్ళ పిల్ల, మిస్టర్ వరకా కూతురు. "నాన్నా, ఇది నా షాపు టాక్స్ గురించా? అమ్మ ఫోనులో మాట్లాడుతుంటే విన్నాను."

"ఆఁ."

"నన్ను ఎవరు పెంచుతున్నారో రాయాలా?"

"అలాంటిదే."

ఎదుటి మనిషికి ఏం కావాలో తెలిసినప్పుడు పిల్లల ముఖంలో వచ్చే ఆ జాగ్రత్త పాప ముఖంలోకి వచ్చింది. కళ్ళజోడు పైకి జరుపుకుంది. "ఎక్కడెక్కడ నీ పేరు కావాలో ముందే చెప్పెయ్యి నాన్నా. అక్కడ నీ పేరే చెప్తాను. నేను అమ్మతో అనను."

కామేశ్వరరావు పెన్ను కింద పెట్టాడు.

పదిహేడేళ్ళుగా సైటు ఇంజనీర్లు, సబ్ కాంట్రాక్టర్లు అతని బల్లకి అటుపక్క కూచుని ఇదే మాట చెప్పారు. ఎంత కావాలో మీరే చెప్పండి సార్, అంతకే బిల్లు తెస్తాం. వాళ్ళందరినీ లేచి వెళ్ళమన్నాడు. ఆ మాట అన్నవాళ్ళ బిల్లు మరి చేత్తో ముట్టుకోలేదు. ఇప్పుడా మాట ఈ పిల్ల అంటోంది. అనేటట్టు చేసింది తను. పాప జాలిపడి అంటోందని కూడా అతనికి తెలిసింది. జయంత్‌తో ఈ పిల్ల ఇలా జాగ్రత్తగా మాట్లాడదు. అక్కడ ఒంటె మూతి పట్టుకుని, గడ్డిలో కూచుని, రా, చూడు అని అరుస్తుంది.

"వద్దమ్మా," అన్నాడు. "తిను. చల్లారిపోతోంది."

"కోపం వచ్చిందా?"

"నీ మీద ఎందుకొస్తుంది?"

పాప తినేసి, ఫోను తీసి ఏదో చూసుకుంటూ కూచుంది. ఎనిమిదిన్నరకి హారను మోగగానే లేచింది. ఆ చప్పుడు తన చెవికంటే ముందు పాప చెవికి వినపడిందని అతను గమనించాడు. బాల్కనీలోంచి చూస్తే కారు ముందు తలుపు లోపల్నుంచే తెరుచుకుంది.

ఆ వారమంతా కామేశ్వరరావు తనతో తనే వాదించాడు. జనవరి రసీదు తీసి చూశాడు. తేదీ జనవరిదే. కింద చిన్న అక్షరాల్లో ఏప్రిల్ టర్మ్ అని ఉంది. ఎవరైనా ఇలాంటి కాగితం పట్టుకొస్తే తనేమనేవాడు? ఇది వచ్చే ఏటిది, పక్కన పెట్టండి అనేవాడు. అద్దె లెక్క అంతా నాలుగుసార్లు కొట్టి నాలుగుసార్లు చెరిపేశాడు. మనోజ్ఞ అడిగినందుకు ఇచ్చినట్టు ఉండకూడదు. జయంత్‌కి తను ఓడిపోయినట్టు అసలే ఉండకూడదు. ఎలా ఇచ్చినా అలాగే ఉంటుందని గురువారం సాయంత్రానికి అర్థమయింది. అద్దె వివరాలు, మున్సిపాలిటీ పన్ను రసీదు, బ్యాంకు స్టేటుమెంటు అన్నీ ఒక ఫైలు చేసి మనోజ్ఞకి పంపించేశాడు. కింద ఒక్క వాక్యం రాశాడు: "ఈ ఏటి నుంచి నీ రిటర్నులో చూపించు."

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. "థాంక్యూ కామేశ్వరరావుగారూ. జయంత్ కూడా మీకు థాంక్స్ చెప్పమన్నారు."

జయంత్‌కి ఇందులో ఏం సంబంధం? కామేశ్వరరావుకి ఆ రాత్రి అన్నం సహించలేదు. ఒక్కటే ఊరట మిగిలింది, దాన్ని పదేపదే చప్పరించాడు. ఆ పట్టికలో తల్లికైనా చోటుంది, తండ్రికైనా చోటుంది. ఎంత ఫీజు కట్టనీ, ఎన్నిసార్లు ఈతకి దింపనీ, జయంత్ ధాత్రి పేరు తన రిటర్నులో రాసుకోలేడు. చట్టం ఆ మనిషిని గుమ్మం అవతలే నిలబెట్టింది. ఆ ఆలోచన కాసేపు పనిచేసింది. తరవాత ఇంకోటి తోచింది. అలాంటి గడి ఒకటుందని జయంత్‌కి తెలియనే తెలియదు. తెలిసినా నవ్వేసి ఊరుకుంటాడు. అతనికి దాంతో పనిలేదు.

మూడో శుక్రవారం గంగన్నే ముందు వచ్చాడు. సిమ్ము పని చేస్తోంది, భార్య ఫోను చేత్తో పట్టుకుని జగిత్యాలలో కూచుని ఉంది. ఆమె నంబరు చదివింది, గంగన్న చెప్పాడు, కామేశ్వరరావు కొట్టాడు. ఒక్కసారికే అయిపోయింది. గంగన్న వాపసు అంకె చూసి రెండుసార్లు కళ్ళు ఆర్పాడు.

మిగతావాళ్ళు ఇంకా మెట్లమీద ఉన్నారు. ఇప్పుడే కానిచ్చేద్దామని కామేశ్వరరావు తన రిటర్ను తెరిచాడు. అలవాటుగా ముందు ఆ పట్టికే వచ్చింది. నిరుటి వివరాలు దానంతట అదే నింపుకుని ఉంది. ధాత్రి. కూతురు. పక్కన మొత్తం. వరస చివర చెత్తబుట్ట బొమ్మ ఉంది. దాన్ని నొక్కాడు. ఈ వరస తొలగించమంటారా అని అడిగింది. అవునన్నాడు. పేరు, బంధుత్వం, మొత్తం మూడూ ఒకేసారి పోయి, ఖాళీ గడులు మిగిలాయి.

లెక్క మళ్ళీ కట్టించాడు. ధాత్రి వాటా పన్ను కూడా మార్చిలోనే ముందుగా కట్టేసి ఉన్నాడు. ఆ వరస పోయేసరికి కట్టింది ఎక్కువైంది. స్క్రీను కింద, ప్రతి ఏడూ పక్కవాళ్ళకి చూపించి సంతోషపెట్టే చోట, ఈసారి అతని పేరుకే పచ్చటి అంకె వెలిగింది. ప్రభుత్వం అతనికి తిరిగి ఇవ్వాల్సింది.

గంగన్న కుర్చీలోంచి ముందుకు వంగి చూశాడు. "మీకు గూడ వాపసేనా సార్?"

"ఆఁ."

"ఎంతొస్తది?"

కామేశ్వరరావు చెప్పాడు.

"అబ్బో!" అన్నాడు గంగన్న. "నాకంటె మూడింతలు! ఇగ ఇయ్యాల చాయ్ మీదే సార్, తప్పించుకునుడు లేదు." తలుపు వైపు తిరిగి మెట్లమీదున్నవాళ్ళకి వినపడేలా అరిచాడు, "రాండ్రి రాండ్రి, సార్‌కు మస్తు పైసలొచ్చినయ్!"

వాళ్ళు చెప్పులు విడిచి నవ్వుకుంటూ లోపలికి వచ్చారు. ఎవరో భుజం తట్టారు. కామేశ్వరరావు సమర్పించు అన్న బటను నొక్కి, ఫోనుకి వచ్చిన నంబరు కొట్టాడు. కింద టీ దుకాణానికి ఫోను చేసి, గదిలో తలలు లెక్కపెట్టి, "ఏడు," అన్నాడు.